శరత్తులో జత, వసంతంలో గర్భం: శీతనిద్ర పోయే గబ్బిలాల సంతాన లెక్క

చలిదేశాల్లో బతికే చిన్న గబ్బిలాలు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జతకడతాయి. ఆడదాని కడుపులో గర్భం నిలిచేది మాత్రం మరుసటి ఏడు ఏప్రిల్ చివర్లోనో, మే మొదట్లోనో. మధ్యలోని ఏడెనిమిది నెలలూ మగదాని వీర్యకణాలు ఆడదాని ఒంట్లోనే ప్రాణంతో, పనికొచ్చే స్థితిలో ఉండిపోతాయి. మనుషుల్లో స్త్రీ శరీరంలోకి చేరిన వీర్యకణాలు మహా అయితే ఐదు రోజులు బతుకుతాయి. ఐరోపాలో ఉండే నాక్ట్యూల్ గబ్బిలంలో 198 రోజుల తర్వాత కూడా వాటి సత్తువ తగ్గలేదని తేలింది.

ఈ సంగతి చెప్పేవాళ్లలో చాలామంది ‘ఆడగబ్బిలం వీర్యాన్ని దాచుకుంటుంది’ అని అక్కడితో ఆపేస్తారు. ఎలా దాచుకుంటుందన్నది ఆసక్తికరమైన ప్రశ్నే. అసలు ఎందుకు దాచుకోవాల్సి వచ్చిందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. దానికి జవాబు గర్భాశయంలో దొరకదు, ఆ జంతువు చలికాలానికని ఒంట్లో కూడబెట్టుకునే రెండు మూడు గ్రాముల కొవ్వులో దొరుకుతుంది. ఎప్పుడు కలవాలి, ఎప్పుడు గర్భం మొదలవ్వాలి, పిల్ల ఎప్పుడు పుట్టాలి అన్నవన్నీ ఆ కొవ్వు పద్దు తేల్చే విషయాలే.

వెనక నుంచి లెక్కపెడితే

ఉత్తర అమెరికాలో విరివిగా ఉండే చిన్న గోధుమరంగు గబ్బిలాన్ని తీసుకుందాం. శాస్త్రీయ నామం మయోటిస్ లూసిఫ్యూగస్. వేసవిలో ఏడెనిమిది గ్రాముల బరువు. తినేవన్నీ ఎగిరే పురుగులే. అక్టోబరులో మంచు పడటం మొదలయ్యాక పురుగులు కనిపించవు, మళ్లీ ఏప్రిల్ దాటితే గానీ రావు. కాబట్టి ఆ ఏడాది పుట్టిన పిల్ల అక్టోబరు నాటికి గుహ చేరాలి, అప్పటికే ఆరు నెలలకు సరిపడా కొవ్వు దాని ఒంటికి పట్టి ఉండాలి.

అక్కడి నుంచి వెనక్కి రండి. పుట్టిన పిల్ల ఎగరడానికి మూడు వారాలు పైగా పడుతుంది. ఎగరడం వచ్చినంత మాత్రాన వేట వచ్చినట్టు కాదు. చీకట్లో ప్రతిధ్వని ఆధారంగా పురుగును పట్టడం నేర్చుకోవాలి, ముందు తన ఎముకలూ కండలూ పూర్తిగా పెంచుకోవాలి, ఆ తర్వాతే కొవ్వు. ఇవన్నీ తీరాలంటే జూన్‌లో పుట్టాలి. తల్లి కడుపులో 50 నుంచి 60 రోజులు ఉండాలి కాబట్టి అండం ఏప్రిల్ చివరికో, మే మొదటికో విడుదల కావాలి. అది సరిగ్గా తల్లి గుహలోంచి బయటికొచ్చే సమయం. ఇక జాప్యానికి చోటు లేదు. పుట్టుక జులై మధ్యకు జారిందంటే పిల్లకు కొవ్వు పట్టించుకునే రోజులు సగానికి సగం పోతాయి. ముందు పుట్టిన పిల్లలే మొదటి ఏడాది గట్టెక్కడంలో మెరుగ్గా ఉంటాయని దీర్ఘకాల పరిశీలనలు చూపాయి.

ఇప్పుడు మగదాని సంగతి. ఏప్రిల్‌లో అండం సిద్ధమైతే అదే ఏప్రిల్‌లో తాజా వీర్యం కూడా ఉండాలంటే మగది దాన్ని జనవరి, ఫిబ్రవరి నెలల్లో తయారు చేయాలి. వీర్యకణాలు తయారు కావడం కణవిభజనల మీద కణవిభజనలతో వారాలపాటు సాగే పని. దానికి ఒంట్లో వెచ్చదనం ఉండాలి, కడుపులో తిండి ఉండాలి. జనవరిలో మగదాని ఒళ్లు ఐదారు డిగ్రీల చల్లదనంతో రాయిలా ఉంటుంది, తినడానికి ఒక్క దోమ కూడా దొరకదు. ఆ పని వేసవిలో తప్ప కుదరదు.

అంటే వీర్యానికి తగిన కాలం వేసవి, గర్భానికి తగిన కాలం వసంతం. రెంటి మధ్యా చలికాలం అడ్డంగా ఉంది. దీన్ని దాటాలంటే ఏదో ఒకటి ఆగి ఎదురుచూడాలి: వీర్యకణమైనా ఎదురుచూడాలి, పిండమైనా ఎదురుచూడాలి. గబ్బిలాల్లో రెండు పద్ధతులూ ఉన్నాయి. శీతనిద్ర పోయే జాతుల్లో ఎక్కువ భాగం మొదటి దారి పట్టాయి.

మగదాని ఏడాది

మే, జూన్ నెలల్లో పురుగులు దొరకడం మొదలవగానే వృషణాల్లో పని మొదలవుతుంది. జులై, ఆగస్టు వచ్చేసరికి అవి బాగా ఉబ్బుతాయి. తయారైన వీర్యకణాలు ఎపిడిడిమిస్ అనే మెలికలు తిరిగిన నాళంలోకి చేరి దాని తోక భాగంలో పోగుపడతాయి. ఆ తర్వాత జరిగేది వింతగా ఉంటుంది. జతకట్టే కాలం వచ్చేసరికి వృషణాలు కుంచించుకుపోవడం మొదలుపెడతాయి. చాలా క్షీరదాల్లో వృషణాలు పనిచేయడం, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పెరగడం, జతకట్టడం మూడూ ఒకేసారి జరుగుతాయి. ఇక్కడ టెస్టోస్టెరాన్ వేసవి చివర్లో తారస్థాయికి చేరి తగ్గుముఖం పట్టాక అసలు కలయికలు ఊపందుకుంటాయి. వీర్యద్రవాన్ని తయారుచేసే అనుబంధ గ్రంథులు మాత్రం శరత్తులో నిండుగా ఎదిగి చలికాలమంతా అలాగే ఉంటాయి. ఎపిడిడిమిస్‌లో సరుకు కూడా అలాగే ఉంటుంది. కార్ఖానా మూతపడింది, గోదాము నిండుగా ఉంది. వసంతం దాకా మగది ఎప్పుడైనా జతకట్టగలదు.

ఆ గోదాములో వీర్యకణాలు అన్ని నెలలు పాడవకుండా ఎలా ఉంటాయన్న దానికి మంచి వివరణ ఒకటి ఉంది. ఎపిడిడిమిస్‌లోని ద్రవం మామూలుకంటే బాగా చిక్కబడుతుంది. దాంతో వీర్యకణాల్లోని నీరు బయటికి లాగేసినట్టయి, అవి కదలిక మానుకుని, శక్తి ఖర్చు దాదాపుగా ఆపేస్తాయి. కలయికప్పుడు పలుచని ద్రవం తగిలితే మళ్లీ చలిస్తాయి. విత్తనాన్ని ఎండబెట్టి దాచడం లాంటిదే ఇది.

చేతిలోకి తీసుకున్న మగగబ్బిలాన్ని చూసి అది ఏ దశలో ఉందో చెప్పొచ్చు. తోక మొదట్లో, రెండు కాళ్ల మధ్యనున్న పొర మీద, తోకకు చెరోపక్కా ఎపిడిడిమిస్ తోక భాగాలు చర్మం కిందే ఉంటాయి. వేళ్లతో తోకపొరను సాగదీసి లైటు వెలుగులో చూస్తే కనిపిస్తాయి. ఎన్నడూ వీర్యం నిండని కుర్ర మగదానిలో వాటి మీది తొడుగు నల్లగా, దట్టంగా ఉంటుంది. ఒక్కసారి నిండి ఉబ్బిందంటే ఆ నలుపు పలచబడి లోపలి తెలుపు బయటపడుతుంది. తర్వాత ఖాళీ అయినా మునుపటి నలుపు మళ్లీ రాదు. అందుకే నల్లని తొడుగు కనిపిస్తే అది ఇంకా జతకట్టే ఈడుకు రాలేదని రాసుకుంటారు. చిన్న గోధుమరంగు మగగబ్బిలాల్లో ఎక్కువ భాగం పుట్టిన ఏడాది కాక, ఆ మరుసటి శరత్తుకు గానీ ఈడుకు రావు. (గబ్బిలాన్ని పట్టేది రేబిస్ టీకా వేయించుకుని, అనుమతి పొంది, గ్లవ్స్ వేసుకున్నవాళ్లే అయి ఉండాలి. ఇది మొక్కుబడి హెచ్చరిక కాదు.)

గుహ ముంగిట మూకుమ్మడి

వేసవంతా ఆడవి ఒకచోట, మగవి మరోచోట ఉంటాయి. ఆడవి వెచ్చని అటకల్లోనో చెట్టు తొర్రల్లోనో గుంపుగా చేరి పిల్లల్ని పెంచుతాయి. మగవి ఒంటరిగానో చిన్న గుంపులుగానో గడుపుతాయి. ఆగస్టు వచ్చేసరికి రాత్రిళ్లు గుహల దగ్గర, మూసేసిన గనుల దగ్గర గబ్బిలాలు గుమికూడటం మొదలవుతుంది. ద్వారం దగ్గర వందల సంఖ్యలో సుడులు తిరుగుతాయి, లోపలికి వెళ్తాయి, బయటికొస్తాయి, ఒకదాన్నొకటి తరుముకుంటాయి. తెల్లారేసరికి చాలావరకు ఉండవు. వేర్వేరు వేసవి గుంపుల నుంచి, పదుల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చినవి ఇక్కడ కలుస్తాయి. వేసవి గుంపులో తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు ఒకేచోట ఉంటారు కాబట్టి జన్యువులు కలగలిసే అసలు చోటు ఈ గుహ ముంగిలే. ఆ ఏడు పుట్టిన పిల్లలు చలికాలపు చిరునామా నేర్చుకునేది కూడా ఇక్కడే అయ్యుండొచ్చు.

చిన్న గోధుమరంగు గబ్బిలమూ, దాని దగ్గరి బంధువులూ చేరిన మయోటిస్ జాతుల్లో జంటలంటూ ఉండవు. ఒక ఆడది చాలా మగవాటితో, ఒక మగది చాలా ఆడవాటితో కలుస్తుంది. అన్ని జాతులూ ఇలాగే చేస్తాయనుకోవద్దు. నాక్ట్యూల్ మగది చెట్టు తొర్ర ఒకటి చేజిక్కించుకుని, దాని ముఖద్వారంలోంచి కూతలు పెట్టి ఆడవాటిని పిలుస్తుంది. పిపిస్ట్రెల్ అనే మరో గబ్బిలంలో మగది తన హద్దుల్లో ఎగురుతూ పాడుతుంది. దారి ఏదైనా ఫలితం ఒక్కటే: చలికాలం మొదలయ్యేసరికి ఆడదాని గర్భాశయంలో వీర్యం చేరి ఉంటుంది, తరచుగా ఒకటికంటే ఎక్కువ మగవాటిది. నాక్ట్యూల్ కవలల్లో ఒక్కో పిల్లకు ఒక్కో తండ్రి ఉన్న ఉదాహరణలు డీఎన్ఏ పరీక్షల్లో దొరికాయి.

కలయికలు ముగిశాక ఆడవి ముందు నిద్రకు ఉపక్రమిస్తాయి. మగవి ఇంకొన్ని వారాలు అవకాశం కోసం తిరుగుతూ కొవ్వు ఖర్చు పెట్టుకుంటాయి. ఆ తర్వాత కూడా పూర్తిగా ఆగవు. 1970ల చివర్లో కెనడాలోని ఒంటారియోలో చేసిన పరిశీలనల్లో ఇది స్పష్టంగా రాశారు: శరత్తులో రెండూ మెలకువగా ఉండి జతకట్టే దశ ఒకటి, తర్వాత నిద్రలో ఉన్న ఆడదానితో మేలుకున్న మగది జతకట్టే దశ మరొకటి.

ఐదు డిగ్రీల దగ్గర ఆరు నెలలు

శీతనిద్ర అంటే ఆర్నెల్లు ఏకబిగిన నిద్రపోవడం అనుకుంటే మిగతా కథంతా తప్పుగా అర్థమవుతుంది. గుహలో ఉష్ణోగ్రత రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటుంది. గబ్బిలం తన ఒంటి వేడిని దాదాపు అక్కడికే దించేస్తుంది. ఎగిరేటప్పుడు నిమిషానికి వెయ్యి సార్లకు చేరువగా కొట్టుకునే గుండె ఇప్పుడు పదీ ఇరవై సార్లు కొట్టుకుంటుంది. ఈ సుప్తావస్థ సుమారు రెండు వారాలు సాగుతుంది. తర్వాత గబ్బిలం మేలుకుంటుంది. నీళ్లు తాగుతుంది, కొంచెం కదులుతుంది, చోటు మార్చుకుంటుంది, మళ్లీ చల్లబడుతుంది.

మేలుకోవడం అన్నిటికంటే ఖరీదైన పని. భుజాల మధ్య గోధుమరంగు కొవ్వు ఉంటుంది, కొలిమిలా వేడి పుట్టించడమే దాని పని. మొదట ఛాతీ, గుండె వేడెక్కుతాయి, వెనక భాగం ఆలస్యంగా అందుకుంటుంది. తర్వాత కండరాలు వణకడం మొదలుపెడతాయి. అరగంట నుంచి గంటలోపు ఒళ్లు ఐదు డిగ్రీల నుంచి ముప్పై అయిదు దాటుతుంది. ఒక్కసారి ఇలా మేలుకోవడానికి సుమారు 0.1 గ్రాము కొవ్వు ఖర్చవుతుంది. అంకె చిన్నదిగా కనిపిస్తుంది గానీ అంత కొవ్వుతో గబ్బిలం సుప్తావస్థలో రెండు నెలలు వెళ్లదీయగలదు. చలికాలంలో పదిహేనుసార్లు మేలుకుంటే గ్రామున్నర ఖర్చు. మొత్తం చలికాలపు ఖర్చులో ముప్పావు వంతు ఈ కొద్ది గంటల మెలకువల్లోనే పోతుందని 1990లో వేసిన లెక్క చూపింది.

ఈ పద్దులో ఆడా మగా తేడా ఉంది. ఆడవి ఎక్కువ కొవ్వుతో నిద్రకు వెళ్తాయి, ఆచితూచి ఖర్చు చేస్తాయి, వసంతంలో కొంత మిగుల్చుకుని బయటికొస్తాయి. గర్భం మొదలయ్యేది పురుగులు ఇంకా పలుచగా ఉన్న రోజుల్లో కాబట్టి ఆ మిగులే తొలి రోజుల పెట్టుబడి. మగదానికి వసంతంలో అంత తొందర పని లేదు. నిల్వ చేసిన వీర్యంతో దానికి అప్పటికి అవసరం తీరిపోతుంది కాబట్టి తీరిగ్గా, ఆలస్యంగా బయటికొస్తుంది.

గర్భాశయంలో ఎదురుచూపు

జర్మన్ జంతుశాస్త్రవేత్తలు బెనెకే, ఐమర్ ఇద్దరూ 1879లోనే ఈ విషయం రాశారు: శరత్తులో చేరిన వీర్యం చలికాలమంతా ఆడగబ్బిలంలో ఉంటుంది, ఫలదీకరణ వసంతంలో జరుగుతుంది అని. చాలామంది నమ్మలేదు. పాత వీర్యం చచ్చిపోయి ఉంటుంది, వసంతంలో మళ్లీ జతకట్టడం వల్లే గర్భం వస్తుంది అన్నది వాళ్ల వాదన. వసంతంలో కలయికలు కొన్ని కనిపిస్తాయి కూడా, కాబట్టి అది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. తేల్చడానికి ఒకటే మార్గం: చలికాలంలో ఆడవాటిని మగవాటి నుంచి వేరుచేసి ఉంచి, వసంతంలో గర్భం వస్తుందో లేదో చూడటం. అమెరికాలో విలియం విమ్సాట్ 1940ల మొదట్లో ఈ పని చేశాడు. వేరుగా ఉంచిన ఆడవాటికి గర్భం వచ్చింది. 1973లో పాల్ రేసీ ఐరోపా జాతుల మీద ఇలాంటి పనే చేసి వీర్యం ఎన్నాళ్లు నిలుస్తుందో అంకెలతో సహా ఇచ్చాడు. మొదట్లో చెప్పిన 198 రోజుల లెక్క అక్కడిదే.

మైక్రోస్కోపులో చూస్తే వీర్యకణాలు గర్భాశయంలో చెల్లాచెదురుగా తేలుతూ ఉండవు. మయోటిస్ జాతుల్లో గర్భాశయం లోపలి పొరకూ, గర్భాశయం అండవాహికతో కలిసే ఇరుకు చోటుకూ ఆనుకుని, తలలు గోడవైపు పెట్టి, తోకలు ఇవతలికి వేలాడదీసి, వరసలుగా నిలబడి ఉంటాయి. గోడ కణాల మీది సన్నని వేళ్లలాంటి పోగులు వాటి తలలను తాకుతుంటాయి. ఆ కణాల్లో గ్లైకోజెన్ (చక్కెరను దాచుకునే రూపం) నిల్వలుంటాయి. గోడ నుంచి వాటికి పోషణ అందుతుందన్న ఊహకు ఈ అమరికే ఆధారం. చల్లదనం కూడా సాయం చేస్తుంది. ఐదు డిగ్రీల దగ్గర వీర్యకణం ఖర్చు చేసే శక్తి అతి తక్కువ.

మరో చిక్కు ఉంది. వీర్యకణం ఆడదాని శరీరానికి పరాయి కణం. మామూలుగా తెల్లరక్తకణాలు గంటల్లోనే వచ్చి పరాయివాటిని మింగేస్తాయి. శీతనిద్రలో ఉన్న ఆడగబ్బిలం గర్భాశయంలో ఆ దాడి జరగదు. వసంతంలో అండం విడుదలయ్యాక తెల్లరక్తకణాలు గుంపుగా దిగి మిగిలిన వీర్యాన్ని శుభ్రం చేసేస్తాయి. అంతకాలం ఆ కాపలా ఎందుకు సడలింది, సరిగ్గా ఆ సమయానికి ఎలా తిరిగొచ్చింది అన్నది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే లోతైన ప్రశ్న.

గుర్రపులాడం గబ్బిలాల్లో ఇంకో ఏర్పాటు కనిపిస్తుంది. కలయిక తర్వాత మగదాని గ్రంథుల స్రావం ఆడదాని యోనిలో గట్టిపడి బిరడాలా బిగుసుకుంటుంది. వసంతంలో అది ఊడి పడిపోతుంది. లోపలున్న వీర్యం బయటికి పోకుండా, మరో మగదాని వీర్యం లోపలికి రాకుండా రెండు విధాలా అడ్డుపడుతుంది.

వీర్యం గురించి ఇంత చెప్పుకుంటాం గానీ అండం ఎదురుచూపు కూడా తక్కువదేమీ కాదు. శరత్తులోనే ఆడదాని అండాశయంలో ఒక గ్రాఫియన్ పుటిక (అండాన్ని మోసే సంచి) పెద్దదై, దాదాపు విడుదలకు సిద్ధమై ఆగిపోతుంది. వేరే క్షీరదాల్లో ఆ దశకు వచ్చిన పుటిక రోజుల్లో పగులుతుంది, లేకపోతే క్షీణించిపోతుంది. ఇక్కడ అది నెలల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. అండం చుట్టూ ఉన్న కణాలు మామూలు పరిమాణం కంటే చాలా పెద్దవై గ్లైకోజెన్‌తో నిండి ఉంటాయి. చలికాలపు తిండిమూట అన్నమాట. చలికాలం మధ్యలో ఆడదాన్ని వెచ్చని గదిలోకి తెస్తే కొద్ది రోజుల్లోనే అండం విడుదలవుతుందని ప్రయోగశాలల్లో చూశారు. అంటే తాళం తీసేది క్యాలెండర్ కాదు, ఒంటి వేడి.

సాగే గర్భం

ఏప్రిల్, మే నెలల్లో ఆడది గుహ వదిలిన కొద్ది రోజులకే అండం విడుదలవుతుంది, వరసలో నిలబడి ఉన్న వీర్యకణాలు కదులుతాయి. చిన్న గోధుమరంగు గబ్బిలంలో అండం ఎడమ అండాశయం నుంచి వచ్చినా, కుడి నుంచి వచ్చినా పిండం అంటుకునేది దాదాపు ప్రతిసారీ గర్భాశయపు కుడి కొమ్ములోనే.

గర్భావధి అని ఒక అంకె చెబుతాం గానీ ఈ జంతువుల్లో అది రబ్బరులా సాగుతుంది. రాత్రి చలిగా ఉండి పురుగులు దొరకకపోతే తల్లి గర్భంతోనే సుప్తావస్థలోకి జారుకుంటుంది. ఒళ్లు చల్లబడితే పిండం పెరుగుదల కూడా ఆగుతుంది. పిపిస్ట్రెల్ తల్లులకు తిండి తగ్గించి చల్లగా ఉంచితే గర్భం రెండు వారాల దాకా సాగిందని రేసీ ప్రయోగాలు చూపాయి. ఇది ప్రాణాలు కాపాడే వెసులుబాటు. గర్భం పోకుండా చలిగాలుల్ని దాటవచ్చు. కాకపోతే ఆ రెండు వారాలూ పిల్ల కొవ్వు పట్టించుకునే రోజుల్లోంచే పోతాయి. తల్లులు వెచ్చని అటకను వెతుక్కుని ఒకదానికొకటి ఒరుసుకుని వేలాడటం వెనకున్న కారణం ఇదే. ముప్పై అయిదు డిగ్రీల అటక పిండాన్ని వేగంగా పెంచుతుంది, ఆ వేడికి తల్లి తన కొవ్వు కరిగించుకోనక్కర్లేదు. మగవాటికి ఆ తొందర లేదు కాబట్టి చల్లని చోట్లలో ఉండి పగటిపూట నిశ్చింతగా చల్లబడతాయి. వీర్యం తయారయ్యే వారాల్లో మాత్రం అవి కూడా ఆ చల్లబడటాన్ని తగ్గించుకుంటాయి, చల్లబడితే ఆ పని కూడా కుంటుపడుతుంది కాబట్టి.

కాన్పు సమయానికి ఎప్పుడూ తలకిందులుగా ఉండే తల్లి తల పైకి తిప్పుకుని, తోకపొరను గిన్నెలా ముడుస్తుంది. పిల్ల సాధారణంగా కాళ్లవైపు నుంచి బయటికొస్తుంది, పొడవాటి రెక్కల ఎముకలు అడ్డం పడకుండా. పుట్టిన పిల్ల బరువు తల్లి బరువులో నాలుగో వంతుకు అటూ ఇటూ. ఏడాదికి ఒక్క పిల్లే. పాలిచ్చే రోజుల్లో తల్లి సుప్తావస్థకు దాదాపు పోదు, పోతే పాలు తగ్గుతాయి. ఈ దశలో చేతిలోకి తీసుకుంటే పాలతిత్తుల చుట్టూ వెంట్రుకలు రాలి, తిత్తులు పెద్దవై కనిపిస్తాయి. గర్భాన్ని పొట్ట తడిమి గుర్తించడంలో కొత్తవాళ్లు తరచూ పొరబడతారు. అప్పుడే మేతకు వెళ్లొచ్చిన గబ్బిలం పొట్ట పురుగులతో బిగిసి ఉంటుంది. గుడ్డసంచిలో గంటసేపు ఉంచితే తిన్నది అరిగిపోతుంది, అప్పుడు చూస్తే పిండం గట్టి ఉండలా తెలుస్తుంది.

ఏడాదికి ఒక్క పిల్ల చొప్పున కని ఇవి నెట్టుకురాగలుగుతున్నాయంటే కారణం ఆయుష్షు. చిన్న గోధుమరంగు గబ్బిలం 30 ఏళ్లు దాటి బతికిన దాఖలాలున్నాయి. సైబీరియాలో ఉంగరం తొడిగి వదిలిన బ్రాంట్ గబ్బిలం ఒకటి 41 ఏళ్ల తర్వాత దొరికింది. దాని బరువు ఏడు గ్రాములే.

పిండాన్ని ఆపేవి

రెండో దారి పట్టినవాటిలో ముఖ్యమైనది మినియోప్టెరస్. వేలు పొడవుగా ఉండి రెక్క చివర వంగినట్టుండే జాతి. ఇవి శరత్తులో జతకడతాయి, వెంటనే అండం విడుదలై ఫలదీకరణ జరుగుతుంది. పిండం బ్లాస్టోసిస్ట్ అనే బోలు బంతి దశకు వచ్చి, గర్భాశయంలో అంటుకోకుండా చలికాలమంతా తేలుతూ ఉంటుంది. ప్రొజెస్టెరాన్ తక్కువగా ఉన్నంతకాలం కదలదు, చలికాలం చివర్లో ఆ హార్మోన్ పెరిగినప్పుడే అంటుకుంటుంది. కాలిఫోర్నియా ఆకుముక్కు గబ్బిలం మూడో పద్ధతి ఎంచుకుంది. అది శీతనిద్ర పోదు. పిండం అంటుకున్నాక నెలల తరబడి అతి నెమ్మదిగా పెరిగి వసంతంలో వేగం అందుకుంటుంది. మొత్తం గర్భం ఎనిమిది నెలల దాకా సాగుతుంది.

శీతనిద్ర లేని ఉష్ణమండల గబ్బిలాలు కొన్నిటిలో కూడా వీర్యం దాచుకోవడం, అండం విడుదల ఆగడం కనిపిస్తాయి. ఆసియాలోని స్కోటోఫిలస్ హీథియై ఒక ఉదాహరణ. కాబట్టి ఇదంతా చలి పుట్టించిందని చెప్పడం తొందరపాటు. ఆ నేర్పు గబ్బిలాల్లో విస్తృతంగానే ఉంది. చలిదేశాల జాతులు దాన్ని ఆర్నెల్లకు సాగదీసుకున్నాయి.

ఎక్కడ తప్పుతుంది

జనవరిలో గుహలోకి నలుగురు మనుషులు లైట్లతో వెళ్లి పావుగంట మాట్లాడుకుంటే చాలు, గబ్బిలాలు మేలుకోవడం మొదలవుతుంది. వెళ్లినవాళ్లు చూసే సమయానికి అవి నిద్రలోనే ఉన్నట్టు కనిపిస్తాయి. కదలిక మొదలయ్యేది వాళ్లు బయటికొచ్చేశాక. అందుకే ‘మేం ఒక్కదాన్నీ లేపలేదు’ అన్న మాటకు విలువ లేదు. ఒక మెలకువకు 0.1 గ్రాము, అది రెండు నెలల నిద్రకు సమానం. ఆడదాని విషయంలో ఆ కొవ్వు వచ్చేది గర్భం కోసం మిగుల్చుకున్న వాటాలోంచి. చలికాలాన్ని బతికి బయటపడ్డా ఆ ఏడు కనకపోవచ్చు. శవం కనిపించదు కాబట్టి ఈ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

తెల్లముక్కు జబ్బు చేసేది కూడా అదే పని, భయంకరమైన స్థాయిలో. సూడోజిమ్నోయాస్కస్ డిస్ట్రక్టాన్స్ అనే ఫంగస్ 2006లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక గుహలో తీసిన ఫొటోలో తొలిసారి కనిపించింది. చల్లని చోట్లంటే దానికి ఇష్టం, ఇరవై డిగ్రీలు దాటితే పెరగదు. వెచ్చని ఒంటిమీద నిలవలేని ఆ ఫంగస్‌కు శీతనిద్రలో చల్లబడిన ఒళ్లు, తేమ నిండిన గుహ సరిగ్గా సరిపోయాయి. రెక్కల చర్మాన్ని తినేసి, నీటి సమతూకం చెడగొట్టి, గబ్బిలాన్ని పదేపదే లేపుతుంది. కొవ్వు ఫిబ్రవరికే అయిపోతుంది. చిన్న గోధుమరంగు గబ్బిలం సహా మూడు జాతులు జబ్బు సోకిన ప్రాంతాల్లో 90 శాతానికి పైగా తగ్గిపోయాయి. బతికిన ఆడదానికి వసంతంలో ఒకేసారి రెండు పనులు మీద పడతాయి: చిల్లులు పడ్డ రెక్కను మాన్చుకోవడం, పిండాన్ని పెంచడం. ఏడాదికి ఒక్క పిల్లే కాబట్టి పోయిన సంఖ్య తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది.

వేడెక్కుతున్న చలికాలాలు ఇంకో రకం ముప్పు. అండానికి తాళం తీసేది ఒంటి వేడి అని చెప్పుకున్నాం. ఫిబ్రవరిలో వారం రోజులు ఎండ కాసి గబ్బిలం మేలుకుని ఉండిపోతే పురుగులు రాకముందే గర్భం మొదలయ్యే ప్రమాదం ఉంది. మళ్లీ చలి వస్తే పిండాన్ని ఆపుకోగలదు గానీ తిండి లేకుండా ఎన్నాళ్లో ఆపుకోలేదు.

ఆచరణలో దీనర్థం ఏమిటంటే ఏ చోటును ఏ నెలల్లో ముట్టుకోకూడదో విడివిడిగా చూసుకోవాలి. శీతనిద్ర గుహలను అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వదిలేయాలి. లెక్కింపు తప్పనిసరైతే చలికాలంలో ఒక్కసారి, చిన్న బృందంతో, వేడి పుట్టించని లైట్లతో, ఆగకుండా నడుస్తూ చేయాలి. తల్లులు చేరే అటకలు, తొర్రల దగ్గర మరమ్మతులు మే నుంచి ఆగస్టు దాకా పెట్టుకోకూడదు. ఆగస్టు, సెప్టెంబరు గుహ ముంగిళ్లను చాలామంది మరిచిపోతారు. పగలు చూస్తే అక్కడ గబ్బిలమే ఉండదు, దాంతో ఖాళీ గుహ అని రాసి మూసేయమంటారు. రాత్రి పదింటికి వెళ్లి చూడాలి. జనం దూరకుండా ఇనుప గేటు పెట్టాల్సి వస్తే కడ్డీలు అడ్డంగా ఉండాలి, వాటి మధ్య ఉత్తర అమెరికాలో అనుసరించే 5¾ అంగుళాల సందు వదలాలి. నిలువు కడ్డీలు దగ్గరదగ్గరగా పెడితే గబ్బిలం రెక్క చాపి దాటలేదు. వందల గబ్బిలాలు సుడులు తిరిగే ద్వారానికైతే సరైన కొలత గేటు కూడా ఇబ్బందే. అలాంటి చోట గేటుకు బదులు కొంచెం దూరంలో చుట్టూ కంచె వేయడం మేలు.